వదిన బెంగ

సముద్రం నుంచి వచ్చిన మగవాళ్ల బట్టలు ఉతకడం ఒక విద్య. నీళ్లు చొరబడని రబ్బరు సూటు కింద వాళ్లు మెడ నుంచి పాదాల దాకా బొంతలాంటి దళసరి తొడుగు వేసుకుంటారు. మునిగిన ఓడ దాకా దిగి మళ్లీ పైకి తేలడానికి రెండు గంటలు పడుతుంది, అంతసేపూ మనిషి మనిషే కదా, చెమటైనా మరోటైనా అందులోకే. ఆ బొంతను వేడినీళ్లలో నానబెట్టి, చన్నీళ్లలో జాడించి, పిండకుండా నీడలో ఆరేయాలి. పిండితే లోపలి దూది ఉండ కడుతుంది, ఉండ కట్టిన చోట వీపుకు చలి తగులుతుంది. ఇదంతా ఆమెకు తెలుసు. తెలుసు కాబట్టి, వాషింగ్ మెషీన్ ఎలాగూ ఉంది కాబట్టి, భర్తదే కాక ఆయనతో పాటు దిగే పళ్ల డాక్టరుదీ, మొన్నమొన్నటిదాకా టైర్ల షాపాయనదీ కూడా ఆమె పెరట్లోకే వస్తున్నాయి. పళ్ల డాక్టరింట్లో మెషీన్ లేదా అంటే ఉంది. "మా ఆవిడకి ఈ వాసన పడదు వదినా" అంటూ ఆయన సంచి గుమ్మం దగ్గర పెట్టేసి వెళ్తాడు. వదినకు ముక్కు లేదని ఆయనకెవరు చెప్పారో.

ఆ ఆదివారం ఆమె తీగ మీద బొంతలు ఆరేస్తూ మనసులో ఊపిర్లు లెక్కపెడుతోంది. ప్రయాణం వచ్చే నెల. తీరానికి సగం పూట దూరంలో, డెబ్బై మీటర్ల లోతున, యుద్ధకాలంలో జలాంతర్గామి దెబ్బకు మునిగిన సరుకుల ఓడ ఒకటి అడుగున నిటారుగా కూర్చుని ఉంది. అంత లోతులో మామూలు గాలి కల్లు తాగినట్టు మత్తెక్కిస్తుంది కనుక అందులో హీలియం కలపాలి. కింద గడిపేది ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలకు పైకి రావడం గంటన్నర, మెట్టు మెట్టుకూ ఆగుతూ. ఆగకుండా వస్తే ఒంట్లో కరిగిన గాలి మూత తీసిన సోడాలా పొంగి మనిషిని ముగిస్తుంది. ఎవరు ఎంత పీలుస్తారు, ఏ లోతులో ఏ సిలిండరు తాడుకు వేలాడాలి, ఒకడి గాలి ఆగిపోతే పక్కవాడి దగ్గర ఇద్దరికీ సరిపడా ఉందా, అలలు లేస్తే ఏ వేళకు వెనక్కి తిరగాలి, ప్రాణం మీదికొస్తే ఏ ఆసుపత్రికి ఫోన్ చేయాలి, పడవలో ఎవరికి కడుపులో తిప్పుతుంది, ఆ లెక్కంతా ఆమెదే. నీళ్ల మీద ఒక లీటరు పీల్చేవాడు అక్కడ ఎనిమిది పీలుస్తాడు. అందుకని ఊపిరి విషయంలో ఒడ్డున చెప్పిన చిన్న అబద్ధం కూడా కింద ఎనిమిదింతలవుతుంది. ఆమె వేసిన ప్రణాళిక చూస్తే ఎవరికైనా చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. తప్పు జరగడానికి ఎన్ని దారులున్నాయో అన్నింటికీ ముందే వెళ్లి తలుపులు మూసి వచ్చినట్టుంటుంది. ఆ తలుపులన్నీ మూసిన మనిషి పేరు మాత్రం వాళ్ల డైవింగ్ క్లబ్బు గోడ మీద ఎక్కడా ఉండదు. అక్కడ ఉండేది ఆమె భర్త ఫోటో. స్నేహితులు ఆయన్ని కెప్టెన్ అంటారు. ఆయన ఏ ఓడకూ కెప్టెన్ కాదు, ఒక ఆఫీసులో సెక్షన్ చూసుకునే మనిషి. అయినా ఒకసారి మగవాణ్ణి కెప్టెన్ అన్నాక అతను దిగడు.

ఈ ఓడను కనిపెట్టింది కూడా ఆమే. వాళ్లు నీళ్లలో ఉన్నంతసేపూ ఆమె పడవ నడిపే సరంగు పక్కన కూర్చునేది. సరంగు ముసలాయన, మాట పొదుపు. అయితే గంటల తరబడి ఎదురుగా కూర్చున్న మనిషితో ఎంత పొదుపుగా ఉండగలడు? ఫలానా చోట వలలు చిరుగుతాయమ్మా అన్నాడొకసారి, పెద్ద చేప కూడా అక్కడే పడుతుందన్నాడు. చేప ఊరికే ఒకచోట కాపురం పెట్టదని ఆమెకు తోచింది. పాత పటాలు వెతికింది, ఎవరెవరికో రాసి ఆ ఓడ గదుల నక్షా తెప్పించుకుంది. ఏ మెట్లు ఎటు దిగుతాయో, చుక్కాని గది తలుపు ఏ వైపుకు తెరుచుకుంటుందో, తగిలిన దెబ్బ ఏ గోడను చీల్చి ఉంటుందో ఆమె కళ్లు మూసుకుని చెప్పగలదు. క్లబ్బులో భర్త ఉపన్యాసం ఇచ్చినప్పుడు "మా టీమ్ కనిపెట్టింది" అన్నాడు. ఆమె అప్పుడు వెనక వరసలో కుర్చీలు సర్దుతోంది. ఇంటికి వస్తూ దారిలో అడిగితే, "నువ్వు టీమ్ కాదా ఏంటి?" అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబుండదు. అందుకే అడుగుతారు.

ఆమె ఆ ఓడను చూడాలి. ఈ మాట తనలో తానైనా ఇంత సూటిగా అనుకోవడానికి ఆమెకు చాలా ఏళ్లు పట్టింది. పెళ్లయిన కొత్తలో ఇద్దరూ కలిసే లోతు విద్య నేర్చుకున్నారు, ఒకే గురువు దగ్గర. చీకట్లో, నీటి కళ్లజోడు తీసేసి, తాడును తడుముకుంటూ ఈదమంటే ఆయన తొందరపడి తాడుకు చుట్టుకున్నాడు. ఆమె ఆగి, మూడు నిదానమైన ఊపిర్లు తీసి, విప్పుకుని వచ్చింది. "ఈ అమ్మాయికి నీళ్లలో తొందర లేదు, అదే బతికిస్తుంది" అన్నాడు గురువు. ఆ ఏడే పాప పుట్టింది. ఇద్దరిలో ఒకరు ఒడ్డునుండాలి, సబబే. ఎవరుండాలన్న మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు, వానొస్తే గొడుగు తీసినట్టు ఆమె ఉండిపోయింది. ఇప్పుడా పాప హాస్టల్లో చదువుకుంటోంది. కారణం పెద్దదై ఇల్లు దాటి వెళ్లిపోయింది, ఏర్పాటు మాత్రం ఇంట్లోనే కూర్చుంది. మొదట్లో పడవ మీద కూర్చునేది, తర్వాత తాడు వెంట ఇరవై మీటర్ల దాకా దిగి, కింది నుంచి పైకి వచ్చేవాళ్లకు సిలిండర్లు అందించే పని కూడా ఆమెకు అప్పజెప్పారు. నీలం నలుపులో కలిసే చోట తాడు పట్టుకుని వేలాడుతూ ఆమె ఎదురుచూస్తుంది. కింది నుంచి ముందు బుడగలు వస్తాయి, తర్వాత దీపాలు, ఆ తర్వాత మనుషులు. వాళ్ల కళ్లల్లో ఏదో చూసొచ్చిన వెలుగు ఉంటుంది. ఆమె వాళ్ల ఖాళీ సిలిండర్లు అందుకుంటుంది. ఆయన ఎప్పుడైనా మంచి మనసులో ఉంటే, "నిన్నూ ఒకసారి తీసుకెళ్తానోయ్, ఆ ఓడలో వంటగది చూద్దువుగాని, పొయ్యిలు ఇంకా అలాగే ఉంటాయి" అంటాడు. సముద్రం అడుగుకు వెళ్లినా పెళ్లానికి వంటిల్లే చూపించాలని ఎలా తోస్తుందో. ఆమెకు చుక్కాని గది చూడాలని ఉంది.

ఆరు నెలల కింద టైర్ల షాపాయన చెవి పొర చిరిగింది. డాక్టర్లు ఇక దిగొద్దన్నారు. దిగేది ముగ్గురు, అందులో ఒక చోటు ఖాళీ. అది విన్నప్పుడు పాపం ఆయన చెవి గురించి బాధపడాల్సింది పోయి ఆమె గుండె గంతేసింది. ఆ గంతును ఎవరికీ కనపడనివ్వలేదు. తనంతట తాను అడగకూడదని, ఆయనే అంటాడని అనుకుంది. ఇంతకాలం గడిచాక ఇంకెవరు గుర్తొస్తారు?

ఇక్కడ ఒక సిలిండరు గురించి చెప్పాలి. ప్రతి లోతు ప్రయాణానికీ ఆమె లెక్కకు మించి ఒక సిలిండరు తెస్తుంది, సగం దారిలో తాడుకు కడుతుంది. స్నేహితులు దానికి వదిన బెంగ అని పేరు పెట్టారు. "ఈసారి బెంగ బరువెంత వదినా?" అంటాడు పళ్ల డాక్టరు, అందరూ నవ్వుతారు, అందరికంటే గట్టిగా ఆమె భర్త నవ్వుతాడు. ఆడవాళ్లకు పొయ్యి మీద గిన్నె చూసినా నలుగురు అదనంగా వస్తారేమోనన్న భయమే అంటాడు. అయితే ఇంటికి వచ్చాక సిలిండర్లు కడిగేది ఆమె. మొదటిసారే ఆ బెంగ సిలిండరులో గాలి ఎంతుందో చూపే ముల్లు సగానికి పడిపోయి ఉండటం చూసింది. ఏమండీ అని అడిగితే, "వాల్వు కారుతోంది, చూపించు" అన్నాడు తువ్వాలుతో తల తుడుచుకుంటూ. పాపను చంకనేసుకుని ఆ ఇనుప బరువును షాపుకు మోసుకెళ్లింది. వాల్వు శుభ్రంగా ఉందమ్మా అన్నాడు మెకానిక్. రెండోసారీ ముల్లు పడిపోయింది, రెండోసారీ మోసింది, మెకానిక్ ఈసారి నవ్వాడు. ఆ నవ్వుతో ఆమెకు అర్థమైంది. భర్త తన ఊపిరి నిమిషానికి పదిహేను లీటర్లని చెబుతాడు. అది ఇరవై ఏడేళ్ల వయసులో, ఈతకొలనులో కొలిచిన లెక్క. ఇప్పుడాయన ఇరవై రెండు పీలుస్తున్నాడు. వయసు, పొట్ట, కొంత భయం. అందులో తప్పేం లేదు, లోతు దగ్గర భయపడనివాణ్ణే నమ్మకూడదు. కానీ ఆయన ఎప్పుడూ అందరికంటే చివర పైకి వస్తాడు. చివర రావడం నాయకుడి ధర్మం అని స్నేహితులు అనుకుంటారు. ఎవరూ చూడకుండా ఆ సిలిండరు పీల్చుకోవడానికని ఆమెకొక్కదానికే తెలుసు.

తెలిసినా ఏమీ అనలేదు. కొత్త కోడలిగా ఉన్నప్పుడు అత్తగారు ఒకసారి వంటింట్లో చెవిలో చెప్పిన మాట ఉంది. "మా వాడికి ఆకలెక్కువమ్మాయ్. పదిమందిలో ఆ మాట అనకు. కనిపెట్టి వడ్డించు, చాలు." ఆమె కనిపెట్టి వడ్డించింది. అన్నంతో మొదలైంది ఊపిరి దాకా వచ్చింది. ఆయన మరిచిపోయిన పుట్టినరోజులు, ఆయన పారేసిన తాళాలు, ఆయన చెప్పలేక ఆమె చేత చెప్పించిన క్షమాపణలు, అన్నింటికీ వెనక ఒక గిన్నె అదనంగా వండి పెట్టింది. ఆయన కూడా ఏమీ అనలేదు. ఆ సిలిండరు గురించి ఆయనకు తెలుసు, ఆమెకు తెలుసని ఆయనకు తెలుసు. కొన్ని కాపురాలు ప్రేమ మీద నిలుస్తాయంటారు. ఇది కారని వాల్వు మీద నిలబడింది.

ఆ మధ్యాహ్నం భోజనాల బల్ల మీద ఆమె ప్రణాళిక కాగితాలు పరిచింది. పళ్ల డాక్టరు వచ్చాడు. ఆయన వెనకే ఒక కొత్తమనిషి వచ్చాడు, ఖరీదైన చొక్కా, చేతిలో కెమెరా పెట్టె. ఆమె భర్త ఆఫీసులో పైఅధికారి. భర్త ఆయనకు కుర్చీ లాగి, "మన మూడో మనిషి సారే" అన్నాడు. ఎంత మామూలుగా అన్నాడంటే, ఆమె చేతిలో టీ కప్పులున్న పళ్లెం కదలను కూడా లేదు. సారు చాలా దేశాల్లో దిగాడట, ఫోటోలు అద్భుతంగా తీస్తాడట. ఎంత లోతు దిగారు సార్ అని ఆమె అడిగితే నలభై అన్నాడు, తనకు చక్కెర తక్కువ అని కూడా అన్నాడు. ఆమె చక్కెర తక్కువ వేసింది. ఆ తర్వాత ఏ అడ్డంకీ లేనట్టు నక్షా మీద వేలు పెట్టి చెప్పుకుపోయింది, తాడు ఎక్కడ పడుతుంది, ఎటు నుంచి చొరబడాలి, తుప్పు పట్టిన ఏ గోడను ముట్టుకోకూడదు. చెబుతున్నంతసేపూ ఆమె గొంతు మారలేదు. లోపల ఏదో నెమ్మదిగా మునుగుతూ ఉంటే పైన ఇంత నిలకడగా మాట్లాడగల మనిషిని ఎక్కడికి దింపినా భయం లేదు. ఆ బల్ల దగ్గర ఆ సంగతి ఎవరూ గమనించలేదు.

సారు కెమెరాకు రెండు పెద్ద దీపాలున్నాయి, వాటి బ్యాటరీ పెట్టెలున్నాయి. పడవ చిన్నది. ఏదో ఒకటి తగ్గించాలన్నాడు పళ్ల డాక్టరు. "బెంగను తీసేద్దాం" అన్నాడు భర్త నవ్వుతూ. "ఇన్నేళ్లలో ఒక్కసారైనా దాని అవసరం పడిందా? ఈసారి ఒడ్డునే ఉంటుంది." బల్ల చుట్టూ నవ్వారు. సారుకు ఆ సంగతంతా వివరించి చెప్పారు, ఆయన మరోసారి నవ్వాడు. ఆమె కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్లింది.

రెండు నిమిషాలకు భర్త వెనకే వచ్చాడు. నీళ్ల కోసం వచ్చినట్టు గ్లాసు పట్టుకున్నాడు. గొంతు తగ్గించాడు. "ఇదిగో, దాన్ని ఎలాగోలా పడవలో పెట్టు. నీ సామాను సంచీలో పెట్టెయ్, వాళ్లకి చెప్పక్కర్లేదు. నువ్వు కట్టే తాడే కదా." ఆమె కుళాయి కట్టేసింది. ఏం పెట్టాలండీ అని అడిగింది. ఆయన చిరాకుపడ్డాడు. "తెలుసుగా నీకు."

తెలుసు. ఇన్నేళ్లూ ఆ తెలియడమే ఆమె ఉద్యోగం. కింద డెబ్బై మీటర్లలో ఎవడైనా బొటనవేలు పైకెత్తి చూపిస్తే చాలు, ఎందుకని అడగకుండా అందరూ పైకి తిరగాలి, అది ఈ విద్యలో మొదటి నియమం. ఎంత చిన్నవాడు చూపించినా, ఎంత పెద్దవాడు తిరగాలి. నీళ్లలో ఉన్న ఆ మర్యాదను ఒడ్డుకు రాగానే తడిబట్టలతో పాటు విప్పి ఆమె పెరట్లో పడేస్తారు. ఇప్పుడు ఆయన తన ప్రాణం ఆమె సంచీలో దాచమంటున్నాడు, తన పరువు ఆమె నోట్లో దాచమంటున్నాడు, ఆమె చోటును తన పైఅధికారికి ఇచ్చి మరీ అడుగుతున్నాడు. కోపం వస్తుందనుకుంది, రాలేదు. చీకట్లో తాడు చుట్టుకున్నప్పుడు ఉన్న నిదానం వచ్చింది. దాచి పెట్టిన సిలిండరు తాడుకు కట్టి ఉంటుందని ఆయనొక్కడికే తెలుస్తుంది. కింద పక్కవాడికి ఏదైనా జరిగితే ఆయన దగ్గర ఇద్దరికి సరిపడా గాలి ఉందని ఆ పక్కవాడు నమ్మి ఉంటాడు. ఉండదు. ఇది ఆయన పరువు వ్యవహారం కాదు, ఇంకొకరి ఊపిరి వ్యవహారం. ఇంతకాలం ఆ ఇంకొకరి గురించి తాను కూడా ఆలోచించలేదని ఆమెకు తట్టింది. చేతులు తుడుచుకుంది.

బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. అంతకుముందు ఆ బల్ల దగ్గర ఎప్పుడూ నిలబడే చెప్పేది. ఎవరి ఊపిరి లెక్క వాళ్లే చెప్పండి అంది. పళ్ల డాక్టరు పదహారన్నాడు, ఆమె తలాడించి రాసుకుంది. సారు తనకు తెలియదన్నాడు, ఎక్కడికి వెళ్లినా అక్కడి గైడ్లే చూసుకుంటారట. భర్త తలుపు దగ్గర గ్లాసుతో నిలబడి, "నాది ఎప్పుడూ ఉండేదే, పదిహేను వేసుకో" అన్నాడు.

"ఇరవై రెండు" అంది ఆమె.

బయట తీగ మీద బొంతలు ఊగుతున్నాయి.

"వాల్వు ఎప్పుడూ కారలేదండీ" అంది. "ఇరవై రెండు పీల్చడం తప్పు కాదు. పదిహేనని చెప్పడం తప్పు. ఇంతకాలం అదే వేసుకోవడం నా తప్పు."

ఆయన ముఖం ఎర్రబడింది, ఆ తర్వాత ఎందుకో చిన్నదైపోయింది. "ఇవన్నీ ఇంట్లో మాట్లాడుకుందాం" అన్నాడు.

"ఇది ఇల్లేగా" అంది ఆమె.

పళ్ల డాక్టరు కప్పులోకి చూస్తూ, పోయినసారి తాను వెనక్కి తిరిగి చూశానని నెమ్మదిగా ఒప్పుకున్నాడు. కెప్టెన్ ఆ సిలిండరు నోట పెట్టుకోవడం కనపడిందట. చూసి ఊరుకున్నారా అని ఆమె అడిగితే, పెద్దవాడు కదా వదినా, ఎలా అంటాను అన్నాడు. ఆ కింద తన ప్రాణం ఎవరి గాలి మీద ఆధారపడి ఉందో ఆయనకు ఇప్పుడు లెక్క తట్టినట్టుంది, కప్పు కింద పెట్టేశాడు. సారు కెమెరా పెట్టె మూత మూశాడు. ఆమె ఆయన వైపు తిరిగి, ఊపిరి ఎంతో తెలియని మనిషి డెబ్బైకి దిగకూడదని, తెలుసుకుని ఒక్కో మెట్టూ లోతు పెంచుకుంటే మరో ఏడాదికి తానే ప్రణాళిక వేస్తానని మర్యాదగా చెప్పింది. ఇంత మర్యాదగా తనను ఎవరూ కాదనలేదన్నట్టు ఆయన తలాడించాడు. పైఅధికారుల్లోనూ ఒక్కోసారి మనిషి ఉంటాడు.

"మరి మూడో మనిషి?" అన్నాడు పళ్ల డాక్టరు.

"నేను."

పళ్ల డాక్టరు కలం తీసుకుని కాగితం మీద మూడో వరస దగ్గర పెట్టి, "మీ ఊపిరి ఎంత వదినా?" అని అడిగాడు.

ఇన్నాళ్లూ దిగిన ముగ్గురు మగవాళ్ల ఊపిర్లు ఆమె దశాంశాలతో సహా చెప్పగలదు. ఎవరు చలికి ఎక్కువ పీలుస్తారో, ఎవరు భార్యతో పోట్లాడి వచ్చిన రోజు ఎక్కువ పీలుస్తారో చెప్పగలదు. తనది ఎప్పుడో పాప పుట్టకముందు గురువు కొలిచిందే గుర్తుంది. చాలా మంచి లెక్క అది, చెప్పుకుంటే ముచ్చటేస్తుంది. అది చెప్పేయడం ఎంత సులువో ఆ క్షణం ఆమెకు తెలిసింది. భర్త వైపు చూసింది. ఇన్నేళ్లలో మొదటిసారి ఆయన మీద కొంచెం జాలి కలిగింది.

"తెలీదు" అంది. "నన్నెవరూ అడగలేదు, నేనూ కొలుచుకోలేదు. రేపు పొద్దున నీళ్లు నిండిన పాత క్వారీకి వెళ్తున్నాను. లోతు నీళ్లలో కొలుచుకుని వచ్చి రాస్తాను."

"రేపా?" అన్నాడు భర్త. "రేపు నాకు ఆఫీసుంది. ఇంట్లో ఎవరుంటారు?" ఆ మాట అన్నాక, ఇంట్లో ఉండాల్సినంత పనేదీ లేదని ఆయనకే తోచినట్టుంది. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కాగితం తన వైపు తిప్పుకుని తన పేరు ఎదుట ఉన్న ఇరవై రెండును చాలాసేపు చూశాడు. కొట్టివేయలేదు. "సరే, ప్రయాణం నాడు పడవ మీద ఎవరుంటారు మరి? ఎవరో ఒకరుండాలిగా" అన్నాడు. గొంతులో కెప్టెన్ లేడు, అలవాటు మాత్రం ఉంది. ముగ్గురూ ఆ అలవాటు కొద్దీ ఆమె వైపే చూశారు.

ఆమె కలం మూత పెట్టింది.

"నెలలోపు అందరం మళ్లీ కొలుచుకుందాం" అంది. "ఎవరి ఊపిరి సరిపోకపోతే వాళ్లు పైనుంటారు. అది నాదైనా సరే."